కాల్షియం పక్కన ఏముందో చూడండి

(శ్రీకాకుళంలో ఒక ఆదివారం ఉదయం జరిగిన ఆరోగ్య అవగాహన సభలో ఎండోక్రైనాలజీ (హార్మోను గ్రంథుల జబ్బుల) వైద్యుడొకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో చాలామంది ఒళ్ళో రిపోర్టుల కవర్లు కనిపిస్తున్నాయి. దగ్గరే ఉంచుకోండి. నేను చెబుతుంటే తీసి చూసుకోండి. ఇవాళ మాట్లాడేదంతా ఆ కాగితాల గురించే.

రిపోర్టు చేతికి రాగానే మన కళ్ళు లావుగా అచ్చయిన అంకెల మీదకే పోతాయి. పక్కన హెచ్ అనో ఎల్ అనో ఉంటే గుండె దడ. ఏమీ లేకపోతే "అన్నీ నార్మలే" అని కవరు తీసుకెళ్ళి బీరువాలో పెట్టేస్తాం. ఎముకల జబ్బుల్లో, గ్రంథుల జబ్బుల్లో ఈ రెండు పద్ధతులూ మనల్ని దారి తప్పిస్తాయి. ఇక్కడ ఏ అంకె అయినా సరే, పక్కనున్న ఇంకో అంకెతో కలిపి చదివితేనే దానికి అర్థం. ఈ ఒక్క మాట చెప్పడానికే వచ్చాను. మిగతాదంతా దానికి ఉదాహరణలే.

ముందుగా ఆ "నార్మల్" హద్దులు ఎలా వచ్చాయో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. మామూలుగా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని తీసుకుని పరీక్ష చేస్తారు. అటూ ఇటూ చివరలు వదిలేసి, మధ్యలో ఉన్న 95 శాతం మంది అంకెలు ఎక్కణ్ణించి ఎక్కడిదాకా ఉన్నాయో అదే నార్మల్ అని రాస్తారు. అంటే ఏ జబ్బూ లేని నూరు మందిలో ఓ ఐదుగురు ఆ గీత దాటే ఉంటారు. ఫుల్ బాడీ చెకప్ అని ఒకేసారి 20 పరీక్షలు చేయించుకున్నారనుకోండి. మనిషి నిక్షేపంగా ఉన్నా, ఒక్కటైనా గీత దాటడానికి 60 శాతం పైనే అవకాశం ఉంది, ఇది లెక్క. కాబట్టి ఎర్రగా కనిపించిన ప్రతిదీ జబ్బు అనుకోకండి. అలాగని నల్లగా ఉన్న ప్రతిదీ క్షేమమనీ అనుకోకండి. ఈ రెండో మాటే ఎక్కువ ముఖ్యం.

ఈ కాగితం చూడండి. పేరు కొట్టేశాను. 46 ఏళ్ళ తల్లి, పల్లెటూరు. రెండేళ్ళ నుంచీ ఒళ్ళు నొప్పులు. "వొళ్ళంతా పీకేస్తంది బాబూ, పీట మీంచి లేవాలంటే గోడ పట్టుకోవాల" అంటుంది. నడక అటూ ఇటూ ఊగుతున్నట్టు ఉంటుంది. అంతకుముందు ఒకచోట కాల్షియం ఒక్కటే చూశారు. 8.6 వచ్చింది. హద్దు 8.5 నుంచి 10.5. "కాల్షియం బాగానే ఉందమ్మా, వయసు నొప్పులు" అని పంపేశారు. 46 ఏళ్ళకి వయసు నొప్పులేమిటండీ!

ఇప్పుడు ఆ 8.6 పక్కన మిగతావి పెడదాం. రక్తంలో ఉండే అల్బుమిన్ అనే ప్రొటీన్ 4.1, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.7. ఆ రెండూ బాగున్నాయి. ఫాస్ఫరస్ 2.1, పెద్దవాళ్ళకి 2.5 నుంచి 4.5 ఉండాలి కాబట్టి తక్కువ. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 312, ఇది 130కి లోపు ఉండాలి. డి విటమిన్ 7, బాగా తక్కువ. పీటీహెచ్ అనే హార్మోను 168, ఇది 65 దాటకూడదు. కాల్షియం ఒక్కటే చూస్తే ఆమెకి ఏమీ లేదు. ఈ ఆరూ కలిపి చూస్తే ఎముక మెత్తబడిపోయిందని కాగితమే చెబుతోంది. ఆస్టియోమలేషియా అంటాం. పిల్లల్లో వస్తే రికెట్స్.

ఎలా చెబుతోందో వివరిస్తాను, ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం. మెడలో థైరాయిడ్ వెనకాల బియ్యపు గింజంత గ్రంథులు నాలుగుంటాయి. పారాథైరాయిడ్. పేరులో థైరాయిడ్ ఉందిగాని ఆ పనికీ ఈ పనికీ సంబంధం లేదు. వీటి పని ఒక్కటే, రక్తంలో కాల్షియం పడిపోకుండా చూడటం. ఒంట్లో ఉన్న కాల్షియంలో 99 శాతం ఎముకల్లోనే ఉంటుంది. రక్తంలో తిరిగేది చాలా కొంచెం. ఆ కొంచెం మీదే గుండె కొట్టుకోవడం, కండరం కదలడం, నరం పనిచేయడం ఆధారపడి ఉన్నాయి. అందుకని రక్తంలో తగ్గితే చాలు, పారాథైరాయిడ్ హార్మోను, అదే పీటీహెచ్, ఎముకలోంచి కాల్షియం తీసి రక్తంలో పోస్తుంది. ఇంట్లో వంటకి లోటు రాకుండా గాదెలోంచి ధాన్యం తీస్తున్నట్టు. పొయ్యి మీద అన్నం రోజూ ఉడుకుతూనే ఉంటుంది, గాదెలో మట్టం మాత్రం తగ్గిపోతూ ఉంటుంది. కాల్షియం పరీక్ష పొయ్యి మీద గిన్నెని చూస్తుంది, గాదెని చూడదు.

ఆ తల్లికి డి విటమిన్ లేదు. తిన్న కాల్షియం పేగులోంచి ఒంటికి సరిగా పట్టడం లేదు. పీటీహెచ్ పెరిగింది. అది ఎముకలోంచి కాల్షియం లాగి 8.6 దగ్గర నిలబెట్టింది. అదే పీటీహెచ్ ఫాస్ఫరస్‌ని మూత్రంలోకి వదిలేస్తుంది, అందుకే ఫాస్ఫరస్ తగ్గింది. ఎముక కట్టే కణాలు పని చేస్తూనే ఉన్నాయి, గట్టిపరచడానికి ఖనిజం దొరకడం లేదు. ఆ కణాల్లోంచి వచ్చే ఎంజైమే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్. అందుకే అది 312. అంకెలన్నీ ఒకే కథ చెబుతున్నాయి చూశారా! ఈ జబ్బు తగ్గే జబ్బు. డి విటమిన్, కాల్షియం సరైన మోతాదులో ఇస్తే కొన్ని నెలల్లో ఆ తల్లి గోడ పట్టుకోకుండా లేస్తుంది. ఇంత తేలిగ్గా తగ్గేదాన్ని "వయసు నొప్పులు" అని వదిలేస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ గురించి ఒక మాట. ఇది లివర్ పరీక్షల జాబితాలో వస్తుంది, ఎల్ఎఫ్‌టీ అంటారే, అందులో. అందుకని పెరిగితే అందరూ లివర్ అనుకుంటారు. లివర్ నుంచి కూడా వస్తుంది, నిజమే. జీజీటీ అనే ఇంకో పరీక్ష పక్కన పెడితే తేలిపోతుంది. అది కూడా పెరిగి ఉంటే లివర్ వైపు చూడాలి, మామూలుగా ఉంటే ఎముక వైపు చూడాలి. ఎదిగే పిల్లలకి ఇది పెద్దవాళ్ళకంటే చాలా ఎక్కువే ఉంటుంది, ఎముక పెరుగుతోంది కాబట్టి. నెలలు నిండిన గర్భిణికీ పెరుగుతుంది, అది మావి నుంచి వస్తుంది. పన్నెండేళ్ళ పిల్లాడికి 350 వచ్చిందని ఏడ్చే తల్లుల్ని చూశాను. ఆ వయసుకి అది సహజమమ్మా. ఆ కాగితం మీద పెద్దవాళ్ళ హద్దు అచ్చయి ఉంటుంది, అంతే.

ఫాస్ఫరస్ మాట వచ్చింది కాబట్టి మనవాణ్ణి ఒకర్ని తలుచుకోవాలి. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే తేలికైన పద్ధతిని 1925లో హార్వర్డ్‌లో ఫిస్కే, సుబ్బారావు అనే ఇద్దరు ప్రచురించారు. ఆ సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. ఆ పద్ధతికి మూలమైన మాలిబ్డేట్ చర్యే ఇప్పటికీ ల్యాబ్ యంత్రాల్లో ఫాస్ఫరస్ కొలతకి ఆధారం. మీ రిపోర్టులో ఆ గీత చూసినప్పుడు ఆయన్ని తలుచుకోండి. చాలామంది డాక్టర్లు ఆ పరీక్ష రాయడమే మర్చిపోతారు. ఎముక నొప్పులకి కాల్షియం రాసినప్పుడు పక్కనే ఫాస్ఫరస్ కూడా రాయించుకోండి, ఖరీదైన పరీక్ష కూడా కాదు.

ఇప్పుడు రెండో కాగితం. 52 ఏళ్ళాయన. కిడ్నీలో రాళ్ళు, ఒకసారి తీయించుకున్నా మళ్ళీ వచ్చాయి. మలబద్ధకం, నీరసం. కాల్షియం 11.4. పీటీహెచ్ 58. పీటీహెచ్ హద్దు 15 నుంచి 65, కాబట్టి కాగితం మీద దాని పక్కన ఏ గుర్తూ లేదు. ఇక్కడే జాగ్రత్త పడాలి. రక్తంలో కాల్షియం అంత ఎక్కువుంటే పారాథైరాయిడ్‌కి పనే లేదు, పీటీహెచ్ బాగా అడుగుకి పడిపోయి ఉండాలి. 58 అంటే అది ఆగలేదన్నమాట. అంకె నార్మల్, ఆ సందర్భానికి మాత్రం నార్మల్ కాదు. నాలుగు గ్రంథుల్లో ఒకటి గడ్డలా పెరిగి, ఎవరి మాటా వినకుండా హార్మోను వదులుతూ ఉండొచ్చు. మూత్రంలో కాల్షియం కూడా చూసి, స్కాన్ తీసి, గడ్డ దొరికితే ఆపరేషన్‌తో తీసేస్తారు. మళ్ళీ మళ్ళీ రాళ్ళు వస్తున్నవాళ్ళు ఎవరైనా ఇక్కడుంటే, రక్తంలో కాల్షియం ఒక్కసారైనా చూపించుకున్నారా అని మిమ్మల్ని మీరు అడగండి.

అదే 11.4 పక్కన పీటీహెచ్ 6 ఉందనుకోండి. అప్పుడు పారాథైరాయిడ్ తప్పు లేదు, అది బుద్ధిగా ఆగిపోయింది. కాల్షియం ఇంకెక్కణ్ణించో వస్తోంది. కొన్ని క్యాన్సర్లలో అలా వస్తుంది. ముఖ్యంగా అరవై దాటినవాళ్ళకి నడుం నొప్పి, రక్తహీనత, క్రియాటినిన్ పెరగడం, టోటల్ ప్రొటీన్ ఎక్కువుండి అల్బుమిన్ తక్కువుండటం, ఇవన్నీ కలిస్తే మల్టిపుల్ మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్ ఏమో అని చూడాలి. అందులో ఎముకలు దెబ్బతింటున్నా ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. ఇంకో కారణం మన చేతులారా చేసుకునేది. డి విటమిన్ పొడి పొట్లాలు, 60,000 యూనిట్లవి. వారానికి ఒకటి, అదీ కొన్ని వారాలు వాడమని రాస్తే, రోజుకొకటి వేసుకునేవాళ్ళున్నారు. పైన ఇంజక్షన్లు. డి విటమిన్ 150 దాటితే విషంలా పనిచేసే ప్రమాదం ఉంది. వాంతులు, దాహం, తికమక, కిడ్నీ దెబ్బతినడం. బలం మందే కదా అనుకోకండి.

కాల్షియం తక్కువ వచ్చినప్పుడు మొట్టమొదట చూడాల్సింది అల్బుమిన్. రక్తంలో కాల్షియం దాదాపు సగం అల్బుమిన్ లాంటి ప్రొటీన్లకి అతుక్కుని తిరుగుతుంది. ఒంట్లో పనిచేసేది మాత్రం విడిగా ఉన్న మిగతా భాగం. లివర్ జబ్బుతోనో, తిండి లేకో అల్బుమిన్ 2కి పడిపోయిన మనిషికి కాల్షియం 7.6 చూపిస్తుంది. అల్బుమిన్ 4 కంటే ఎంత తక్కువుందో దాన్ని 0.8తో గుణించి కలపండి. 2 ఇంటూ 0.8, 1.6. మొత్తం 9.2. నిజంగా తక్కువ లేదు. ఇది ఉజ్జాయింపు లెక్కే, అనుమానం ఉంటే అయొనైజ్డ్ కాల్షియం అని విడిగా ఉన్న భాగాన్నే కొలిచే పరీక్ష ఉంది.

నిజంగా తగ్గితే ఎలా ఉంటుందో చెబుతాను. థైరాయిడ్ ఆపరేషన్ అయిన మర్నాడో రెండోరోజో, మూతి చుట్టూ తిమ్మిరి, వేళ్ళ చివర్లు చిమచిమ. పారాథైరాయిడ్ గ్రంథులు పక్కనే ఉంటాయి కాబట్టి ఆపరేషన్‌లో వాటికి రక్తం అందక నలిగి ఉండొచ్చు. మేం బీపీ పట్టీ జబ్బకి కట్టి, పై బీపీ కంటే కాస్త ఎక్కువకి గాలి ఎక్కించి, 3 నిమిషాలు అలాగే ఉంచుతాం. ముందు ఏమీ ఉండదు. రెండో నిమిషానికి బొటనవేలు నెమ్మదిగా అరచేతిలోకి వాలుతుంది. మణికట్టు లోపలికి వంగుతుంది. వేళ్ళు మొదట్లో మడిచినట్టయి, చివరలు మాత్రం బిగుసుకుని నిటారుగా ఒకదానికొకటి దగ్గరవుతాయి. మనిషి తెరుద్దామన్నా తెరుచుకోవు. గాలి తీసేస్తే విడిపోతుంది. ట్రూసో గుర్తు అంటాం, పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడి పేరు. ల్యాబు రిపోర్టు వచ్చేలోపు ఆ చెయ్యే చెప్పేస్తుంది. ఆపరేషన్ అయ్యాక ఇలా తిమ్మిర్లు వస్తే ఇంట్లో కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి రండి.

కొందరికి కాల్షియం ఎంత పోసినా పెరగదు. అప్పుడు మెగ్నీషియం చూడాలి. మెగ్నీషియం బాగా పడిపోతే పారాథైరాయిడ్ తన హార్మోనే సరిగా వదలదు. మన దగ్గర పొద్దున్న లేవగానే గ్యాస్ బిళ్ళ వేసుకోవడం ఏళ్ళ తరబడి అలవాటైపోయింది. ఆ పాంటప్రజోల్, ఒమెప్రజోల్ రకం మాత్రలు చాలాకాలం వాడితే కొందరిలో మెగ్నీషియం పడిపోతుంది.

మన జిల్లాలో నిలబడి ఎముకల గురించి మాట్లాడుతూ ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మాట్లాడకపోతే తప్పవుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. ఈ మండలాల వాళ్ళకి క్రియాటినిన్ అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు, టీ కొట్టు దగ్గర కూడా "నీకెంత, నాకెంత" అని మాట్లాడుకుంటారు. ఆ కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా ఖాయంగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రితో కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలైంది. నేను చెప్పదలచుకున్నది, క్రియాటినిన్ ఒక్కటే చూసుకుని ఆగిపోకండి. కిడ్నీ మూత్రం చేసే అవయవమే కాదు, డి విటమిన్‌ని పనికొచ్చే రూపంలోకి మార్చేదీ అదే, ఎక్కువైన ఫాస్ఫరస్‌ని బయటికి పంపేదీ అదే. కిడ్నీ సన్నగిల్లితే ఈ రెండు పనులూ కుంటుపడతాయి. పీటీహెచ్ పెరగడం ముందే మొదలవుతుంది, ఫాస్ఫరస్ తర్వాత పెరుగుతుంది. ఎముకలు గుల్లబారతాయి, రక్తనాళాల గోడల్లో కాల్షియం పేరుకుంటుంది.

ఇందాకటి తల్లి కాగితంతో పోల్చి చూడండి. ఆమెకీ పీటీహెచ్ ఎక్కువే, డయాలసిస్ మీదున్న మనిషికీ ఎక్కువే. ఆమెకి ఫాస్ఫరస్ తక్కువ, ఈయనకి ఎక్కువ. క్రియాటినిన్, ఫాస్ఫరస్ పక్కన లేకపోతే ఆ రెండు పీటీహెచ్‌లూ ఒకేలా కనిపిస్తాయి, మందు మాత్రం వేరు. పైగా డయాలసిస్ వాళ్ళకి పీటీహెచ్‌ని మామూలు హద్దులోకి దించేయాలని మేం ప్రయత్నించం, పై హద్దుకి 2 నుంచి 9 రెట్ల మధ్య ఉంచుతాం. కాబట్టి 200 చూసి కంగారు పడకండి. ఫాస్ఫరస్ తగ్గించే మాత్ర ఇస్తే అది అన్నంతోపాటు వేసుకోవాలి, తిండిలోని ఫాస్ఫరస్‌ని పట్టుకోవడం దాని పని. పరగడుపున వేసుకుంటే ఆ పని జరగదు. పక్కింటాయన వాడుతున్నాడని కాల్షియం బిళ్ళలు, ఒళ్ళు నొప్పులని పెయిన్ కిల్లర్లు, దయచేసి వద్దు.

ఇప్పుడు అందరూ అడిగేది. "ఎముకలు గుల్లబారాయేమో, రక్తపరీక్ష రాయండి." ఆస్టియోపొరోసిస్‌లో కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అన్నీ మామూలుగానే ఉంటాయి. దాన్ని చూపించేది ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్, అందులో టీ స్కోరు మైనస్ 2.5 కానీ అంతకంటే కింద కానీ ఉంటే ఆస్టియోపొరోసిస్ అంటాం. క్యాంపుల్లో మడమ మీద పెట్టి చూసే మిషను దానికి బదులు కాదు. మరి రక్తపరీక్షలు ఎందుకు రాస్తాం? ఎముక పలచబడటానికి వేరే కారణం దాగుందేమో చూడటానికి. థైరాయిడ్ ఎక్కువ పనిచేయడం, పారాథైరాయిడ్ గడ్డ, మైలోమా, కిడ్నీ. ఇంకా, మోకాళ్ళ నొప్పులకి పేరు లేని పొట్లాల్లో ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు. నొప్పి మూడోరోజుకి మాయమవుతుంది కాబట్టి జనం నమ్ముతారు. ఎముక కరుగుతుంది, కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథి నిద్రపోతుంది. ఏళ్ళ తరబడి వాడి ఒక్కసారి ఆపేస్తే ప్రాణం మీదకొస్తుంది. వాడుతున్నవాళ్ళు భయపడి ఇవాళే ఆపేయకండి, మా దగ్గరికి రండి, ఆ గ్రంథి వదిలే హార్మోను కార్టిసాల్‌ని ఉదయం 8 గంటలకి చూసి నెమ్మదిగా తగ్గిద్దాం. సాయంత్రం తీసిన కార్టిసాల్ తక్కువే ఉంటుంది, దాంతో ఏమీ తేలదు.

థైరాయిడ్ క్లుప్తంగా. టీఎస్‌హెచ్ 12 వస్తే "థైరాయిడ్ ఎక్కువైంది" అంటారు, నిజానికి తక్కువైంది. టీఎస్‌హెచ్ మెదడు కింద పిట్యూటరీ గ్రంథి పంపేది. థైరాయిడ్ పనిచేయకపోతే అది పెరుగుతుంది. మాత్ర మోతాదు మార్చాక ఆరు వారాలు ఆగి చూడాలి, వారానికోసారి చూపించుకుంటే డబ్బు దండగ. మోతాదు ఎక్కువై టీఎస్‌హెచ్ పూర్తిగా అడుగంటిపోతే, ముట్లుడిగిన ఆడవాళ్ళకి ఎముక తరుగుతుంది. నీరసం తగ్గలేదని మీరే మాత్ర పెంచుకోకండి.

కానీ టీఎస్‌హెచ్ ఒక్కటే చూసి ఘోరంగా దెబ్బతినే సందర్భం ఒకటుంది. కాన్పులో రక్తం విపరీతంగా పోయిన తల్లి. బిడ్డకి పాలు పడలేదు. ముట్టు మళ్ళీ రాలేదు. ఏళ్ళ తరబడి నీరసం, చలి, సోడియం తగ్గి ఆసుపత్రుల చుట్టూ తిరగడం. టీఎస్‌హెచ్ 2.5, నార్మల్ అంటారు. పక్కన ఫ్రీ టీ4, అంటే థైరాయిడ్ వదిలే హార్మోను, చూస్తే బాగా తక్కువ. టీ4 తగ్గితే టీఎస్‌హెచ్ పెరగాలి కదా, పెరగలేదంటే పిట్యూటరీయే దెబ్బతింది. షీహన్ సిండ్రోమ్ అంటాం, 1937లో హెరాల్డ్ షీహన్ వివరించాడు. ఈమెకి ముందు కార్టిసాల్ లోటు తీర్చి, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాలి, వరస తప్పితే ప్రమాదం. మీ ఇంట్లో, మీ వీధిలో కాన్పు తర్వాత ముట్టు రాని తల్లి ఎవరైనా ఉంటే గుర్తుపెట్టుకుని పంపండి.

రక్తం తీసే దగ్గర కూడా కొన్ని జరుగుతాయి. పట్టీ బిగించి ఎక్కువసేపు ఉంచి పిడికిలి మూసి తెరవమంటే కాల్షియం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. ఊదారంగు మూత సీసాలో ఉండే ఈడీటీఏ మందు కాల్షియాన్ని పట్టేస్తుంది. అందులో రక్తం పొరపాటున వేరే సీసాలోకి వంపితే కాల్షియం 4కి పడిపోయి, పొటాషియం 9కి ఎగబాకుతుంది, మనిషి మాత్రం ఎదురుగా నవ్వుతూ కూర్చుని ఉంటాడు. అలాంటప్పుడు మందు మొదలుపెట్టే ముందు మళ్ళీ రక్తం తీయాలి. జుట్టు రాలుతోందని వేసుకునే బయోటిన్ మాత్రలు కొన్ని యంత్రాల్లో టీఎస్‌హెచ్‌ని, పీటీహెచ్‌ని తప్పుగా తక్కువ చూపిస్తాయి. పరీక్షకి రెండు మూడు రోజుల ముందు ఆపండి, ల్యాబులో చెప్పండి.

అడగండి, ఏమైనా ఉంటే.

(సభలో ఒకరు: రోజూ పొద్దున్నే ఎండలో నడుస్తాను డాక్టరు గారూ, అయినా డి విటమిన్ 14 వచ్చింది. ఎందుకు?)

ఎన్నింటికి నడుస్తారు? ఆరింటికా. చూడండి, అరసవల్లి సూర్యనారాయణ స్వామి ఊళ్ళో ఉన్నాం, ఎండకి కరువు లేదు. కానీ చర్మంలో డి విటమిన్ తయారు చేసేది యూవీబీ కిరణం. పొద్దున ఎండ ఏటవాలుగా చాలా దూరం గాలిపొరల్లోంచి రావాలి, ఆ కిరణం దారిలోనే ఆగిపోతుంది. మీ నీడ మీకంటే పొట్టిగా ఉండే వేళ, పదింటి తర్వాత, చేతులూ కాళ్ళూ కాసేపు ఎండ తగలాలి. అద్దం వెనక కూర్చుంటే రాదు. నడక మానకండి, అది ఎముకకి వేరే విధంగా మంచిది. మీ 14కి ఎంత మందు కావాలో పీటీహెచ్, కాల్షియం చూసి చెప్తాను. ఏ ఇబ్బందీ లేని పెద్దవాళ్ళందరికీ డి విటమిన్ పరీక్ష అక్కర్లేదని అమెరికా ఎండోక్రైన్ సొసైటీ 2024లో చెప్పింది. నొప్పులున్నవాళ్ళకి, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి అది వర్తించదు.

(వెనక నుంచి ఒక మహిళ: థైరాయిడ్ మాత్ర, కాల్షియం మాత్ర రెండూ పరగడుపునే వేసుకుంటన్నాను బాబూ. మూడేళ్ళయింది. టీఎస్‌హెచ్ తగ్గట్లేదు, మాత్ర పెంచుతూనే ఉన్నారు.)

ఇక్కడికి రండమ్మా, ఆ కాగితం ఇవ్వండి. 50తో మొదలై ఇప్పుడు 125. అందరూ వినండి, ఇది చాలా ఇళ్ళలో జరుగుతోంది. కాల్షియం, ఐరన్ మాత్రలు పేగులో థైరాయిడ్ మాత్రని పట్టేసి ఒంటికి అందకుండా చేస్తాయి. థైరాయిడ్ మాత్ర లేవగానే ఉత్త నీళ్ళతో, టీ, టిఫిన్ గంట ఆగి. కాల్షియం మాత్ర మధ్యాహ్నం అన్నం తిన్నాక, రెంటికీ మధ్య కనీసం 4 గంటలు. రేపటి నుంచి అలా మార్చండి. ఒంటికి సరిగా పట్టడం మొదలైతే ఈ 125 మీకు ఎక్కువైపోవచ్చు, గుండె దడ, చెమటలు వస్తే ముందే రండి. లేకపోతే ఆరు వారాల తర్వాత టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 రెండూ చేయించి ఈ కాగితంతో పాటు పట్టుకురండి.